రామేశ్వరం ఫారంలో నాలుగో ప్రశ్న

గురువమ్మ ఆ ఏడు రామేశ్వరం వెళ్ళాల్సింది. కొరాపుట్ వెళ్ళింది.

రామేశ్వరమైతే పద్నాలుగు రోజుల ప్రయాణం, వంటవాడితో కలిపి ఇరవై మూడు మంది జనం. కొరాపుట్‌కి ఆమె ఒక్కతే. చేతిసంచిలో ప్లాస్టిక్ కవరు, ఆ కవర్లో డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం. బండి సొరంగంలోకి దూరినప్పుడల్లా సంచిని పొట్టకి అదుముకుని కూర్చుంది. ఆ కాగితం కంపెనీవాళ్ళకి చూపిస్తే ప్రయాణానికి కట్టిన డబ్బు తిరిగొస్తుంది. ఆ డబ్బొస్తే కోడలి కడుపులో బిడ్డను నిలబెట్టుకోవచ్చు. ఇంతకు మించి ఆ రోజుల్లో ఆమెకి ఇంకో ఆలోచన లేదు.

వాళ్ళది ఒడిశాలోని రాయగడ. గురువమ్మ మామగారి కాలంలో బొబ్బిలి దగ్గరి పల్లె నుంచి వచ్చి స్థిరపడ్డారు. భర్త మునిసిపాలిటీ నీళ్ళ పంపు దగ్గర పనిచేసి, పనిలో ఉండగానే పోయాడు. ఆమె జేకేపూర్ కాగితం మిల్లు కాలనీలో రెండిళ్ళకి వంట చేసి కొడుకుని పెంచింది. ఆ కొడుకు సూర్యం ఇప్పుడు అదే మిల్లులో, వెదురు యార్డులో పని చేస్తున్నాడు. కోడలు రామతులసిది పార్వతీపురం. తెచ్చుకుని ఏడేళ్ళయింది. పిల్లల్లేరు.

పిల్లల్లేరని వీధంతా అనుకునేది. నిజానికి రామతులసికి రెండుసార్లు నెల తప్పింది. పెళ్ళయిన రెండో ఏడు ఒకసారి, నాలుగో ఏడు ఒకసారి. రెండూ నిలవలేదు. గురువమ్మ పుట్టింట్లో ఒక కట్టడి ఉండేది. ఐదో నెల వచ్చి, పుట్టింటివారు చలిమిడి తెచ్చి పిల్ల ఒళ్ళో పెట్టేదాకా కడుపు సంగతి గడప దాటకూడదు. నోట అన్నా, ఒకరి చెవిన పడ్డా దిష్టి తగులుతుంది. గురువమ్మ తల్లి అలాగే చేసింది, గురువమ్మా అలాగే చేసింది, ఆమె కడుపున సూర్యం చక్కగా పుట్టాడు. కాబట్టి కోడలి విషయంలోనూ అదే కట్టడి నడిపించింది. ఆ రెండుసార్లూ పిల్ల వారం రోజులు మంచం దిగలేకపోతే, అడిగినవాళ్ళకి మలేరియా అని చెప్పింది. రాయగడలో మలేరియా అంటే ఎవరు మాత్రం నమ్మరు? ఎదురింటి అమ్మన్నమ్మ వేపాకు కషాయం కాచి గ్లాసులో పోసి మరీ పంపింది.

కషాయం పంపిన అమ్మన్నమ్మే తరువాత తన కూతురి సీమంతానికి వీధిలో అందరినీ పిలిచి, గురువమ్మను ఒక్కదాన్నే రమ్మంది. కోడలిని పిలవలేదు. ఎందుకని గురువమ్మ అడగలేదు, అమ్మన్నమ్మ చెప్పలేదు. గొడ్రాలి చేతి పసుపు ఎవరు పూయించుకుంటారన్న మాట కుళాయి దగ్గర ఎవరో అంటే, అది తిరిగి తిరిగి ఇంటికే చేరింది. ఆ రోజు రామతులసి బియ్యం ఏరుతూ తలెత్తి ఒకే మాట అడిగింది.

"మనకీ రెండయ్యేయి అని సెప్తే ఏటవుద్దత్తా?"

పోయినవాటి ఊసు ఎత్తితే వచ్చేవి రావని గురువమ్మ కసురుకుంది. రామతులసి మళ్ళీ బియ్యంలోకి తల వంచుకుంది. ఆ తరువాత ఆ పిల్ల పేరంటాలకి వెళ్ళడం తనంతట తనే మానుకుంది.

రామేశ్వరం మొక్కు మొక్కింది గురువమ్మే. సముద్ర స్నానం చేసి, గుళ్ళో ఇరవై రెండు బావుల నీళ్ళు తల మీద పోయించుకుని, నాగప్రతిమ నిలబెడితే సంతానం కలుగుతుందని కాలనీలో ఆమె వంట చేసే ఇంటి పెద్దావిడ చెప్పింది. ఆ మాట మనసులో నాటుకుంది. రెండేళ్ళు కూడబెట్టారు. బజార్లో సంచుల దుకాణం పెట్టుకున్న కూర్మారావు ఏటా చలికాలంలో యాత్రకి జనాన్ని తీసుకెళ్తాడు. అతని దగ్గర ముగ్గురికీ పేర్లిచ్చి, మొత్తం డబ్బు ముందే కట్టేశారు. ఫారాలు నింపడానికి ఇంకో రోజు రమ్మన్నాడు.

ఆ రోజుకి మూడు రోజుల ముందు రామతులసి పెరట్లో అంట్లు తోముతూ, పక్కన గిన్నెలు బోర్లిస్తున్న అత్తగారితో మెల్లిగా చెప్పింది. నెల తప్పి పన్నెండు రోజులయిందని. గురువమ్మ లోపలికి వెళ్ళి మజ్జిగౌరమ్మ పటానికి దండం పెట్టుకుంది. మొక్కు మొక్కిన పుణ్యానికే ఫలించిందనుకుంది. ఫలించిన మొక్కు తీర్చకుండా ఇంట్లో కూర్చుంటే ఆ దేవుడికి కోపం రాదా? బయల్దేరేది ఇంకో ఏడు వారాలకి. నాలుగో నెల నడుస్తుండగానే ఇల్లు చేరుకుంటారు. వెళ్ళొచ్చేస్తే, ఐదో నెలలో చలిమిడి తెచ్చుకోవచ్చు. ఇలా లెక్క కట్టుకుంది. కోడలు డాక్టరు దగ్గరికి ఒకసారి వెళ్ళొద్దామా అంది. ఆసుపత్రి వసారాలో సగం వీధి కూర్చుని ఉంటుంది, ఇప్పుడే వద్దంది గురువమ్మ.

కూర్మారావు దుకాణంలో ఆ రోజు రద్దీగా ఉంది. సంతకి వచ్చినవాళ్ళు సంచులు బేరమాడుతున్నారు. మూటలు మోసే కళాసీలు ఇద్దరు బస్తాల మీద కూర్చుని టీ తాగుతున్నారు. కిందటేడు యాత్రలో ఇద్దరు జబ్బుపడి ఆగిపోయి, డబ్బులు తిరిగిమ్మని కూర్మారావుతో తగాదా పడ్డారు. అందుకని ఈసారి ఆయన మొత్తం బృందానికి ప్రయాణ బీమా తీసుకున్నాడు. కారణం ఉండి ప్రయాణం ఆగిపోతే కంపెనీ డబ్బు తిరిగిస్తుంది. దానికి మనిషికో ఫారం. ఇంగ్లీషులో ఉన్న ప్రశ్నలు ఆయన చదివి, తెలుగులో అడిగి, అవును కాదు అని టిక్కులు పెడుతున్నాడు. సూర్యం డ్యూటీలో ఉన్నాడు. గురువమ్మ బల్ల ముందు నిలబడింది. రామతులసి దుకాణం గడప బయట, చెప్పుల దగ్గర, రేకు నీడలో నిలబడింది.

షుగరుందా, బీపీ ఉందా అన్నాడు. లేదంది. గుండె జబ్బు? లేదు. ఆపరేషన్లు ఏమైనా? లేవు. షుగరు రావడానికి పంచదార కొనుక్కునే స్తోమతు కూడా ఉండాలి కదా అని ఆమె అంటే కళాసీలు నవ్వారు. కోడలి ఫారంలో నాలుగో ప్రశ్న దగ్గర కూర్మారావు కొంచెం ఆగి, కళ్ళజోడు సర్దుకున్నాడు.

"ఇది అడక్కుండా వదలకూడదంట పిన్నీ, ఏమనుకోకు. కోడలికి కడుపుగానీ ఉన్నాదా?"

దుకాణంలో అందరి చెవులూ ఇటే ఉన్నట్టు అనిపించింది గురువమ్మకి. బయటికి చూడకుండానే జవాబు చెప్పింది.

"కడుపుంటే రామేశ్వరం ఎందుకెల్తాం బాబూ?"

ఈసారి దుకాణమంతా నవ్వింది. బేరమాడే ఆడవాళ్ళూ నవ్వారు. కూర్మారావు నవ్వుతూనే టిక్కు పెట్టాడు. సంతకానికి రామతులసిని లోపలికి పిలిచారు. ఆమె వచ్చి, కలం తీసుకుని, ఆయన వేలు పెట్టిన చోట పేరు రాసి, తలెత్తకుండా మళ్ళీ చెప్పుల దగ్గరికి వెళ్ళిపోయింది. ఇంటికి నడిచేటప్పుడు గురువమ్మ, గండం గడిచిందన్నట్టు, ఎంత ఉపాయంగా తప్పించానో చూశావా అంది. రామతులసి దారిలో కొన్న అరటిపళ్ళ సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

ఆ నవ్వు గురువమ్మ చెవిలో చాలాకాలం ఉండిపోయింది. కానీ అది తరువాతి సంగతి. అప్పుడు మాత్రం తన తెలివికి తనే మురిసిపోయింది.

ప్రయాణం ఇంక రెండు వారాలుందనగా, రామతులసి స్నానానికి వెళ్ళి, తలుపు తీసుకుని గోడ పట్టుకుని నిలబడింది. చీర తడిసిపోయి ఉంది, నీళ్ళతో కాదు. సూర్యం ఆటో తెచ్చాడు. ఈసారి వసారాలో ఎవరున్నారని గురువమ్మ చూసుకోలేదు. డాక్టరమ్మ స్కానింగు చేయించి, బిడ్డ గుండె కొట్టుకుంటోందనీ, మాయ కిందికి ఉందనీ చెప్పింది. గురువమ్మను బయట కూర్చోమని, తలుపేసి, కోడలితో చాలాసేపు మాట్లాడింది. మళ్ళీ పిలిచినప్పుడు డాక్టరమ్మ మొహంలో మెత్తదనం లేదు. నెల తప్పిన వారంలోనే తీసుకురావలసింది, ఇలాంటి మనిషికి మొదటి రోజు నుంచే మందులు వాడాలి అంది. ఇప్పటికైనా మంచం దిగకూడదు, వారానికో ఇంజెక్షను, నెలకో స్కానింగు, ఏడో నెల దాటాక విశాఖపట్నంలో పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్తే మంచిది. రామేశ్వరం సంగతి ఎత్తితే, ఆటో ఎక్కించి తేవడమే తప్పు, రైలంటావేమిటని కసిరింది.

ఉన్నదంతా యాత్రకే కట్టేశారు. కూర్మారావు చెడ్డవాడేం కాదు. రైలు టిక్కెట్ల మీద వచ్చిన కొంచెం తెచ్చిచ్చి, మిగతాది బీమాలో వస్తుంది పిన్నీ, డాక్టరమ్మ చేత కాగితం రాయించుకుని కొరాపుట్ ఆఫీసుకి వెళ్ళు అన్నాడు. డ్యూటీ మానితే ఆ రోజు కూలి పోతుందని సూర్యాన్ని ఆపి, గురువమ్మే బండెక్కింది.

కొరాపుట్ ఆఫీసులో బిశ్వజిత్ అనే ఒడియా కుర్ర ఆఫీసరు ఉన్నాడు. రాయగడలో చదువుకున్నాడట, తెలుగు బాగానే మాట్లాడతాడు. మావుసీ అని, వాళ్ళ భాషలో పిన్నీ అన్నట్టు, పిలిచి కుర్చీ చూపించాడు. కాగితం చదివాడు, కేలండరు మీద వేళ్ళతో వెనక్కి లెక్కపెట్టాడు. ఆసుపత్రికి వెళ్ళేనాటికి పదకొండు వారాలు. ఫారం రాసింది అంతకు ఐదు వారాల ముందు. అంటే ఫారం రాసేనాటికి ఆరు వారాల గర్భం. ఫారంలో మాత్రం లేదని ఉంది.

గురువమ్మ మొహం చూసి అతనే సర్దిచెప్పాడు. ఆరు వారాలకి చాలామంది ఆడవాళ్ళకి తెలియదు, అది తప్పు కాదు. తెలియకుండా లేదని రాస్తే కంపెనీ డబ్బిస్తుంది. తెలిసి లేదని రాస్తే ఇవ్వదు. ఉందని రాసి ఉంటే ఏమయ్యేదని ఆమె అడిగింది. ప్రయాణం చెయ్యొచ్చని డాక్టరు సర్టిఫికెట్టు ఒకటి అడిగేవాళ్ళం, అంతే అన్నాడు బిశ్వజిత్. అది ఉంటే, తరువాత ఏ ఇబ్బంది వచ్చినా డబ్బు వచ్చేది.

గురువమ్మ ఆ మాట వెంటనే పట్టుకోలేదు. తిరుగు ప్రయాణంలో, బండి కొండల మధ్య ఆగిపోయి ఎదురుబండి కోసం చూస్తున్నప్పుడు పట్టుకుంది. ఉందని చెప్పి ఉంటే కంపెనీవాళ్ళు పిల్లని డాక్టరు దగ్గరికి పంపేవాళ్ళు. ఆరో వారంలోనే. డాక్టరమ్మ మొదటి రోజు నుంచే అన్నది ఆ మందులే. లోకంలో కోడలి కడుపు సంగతి అడిగింది ఆ ఫారం ఒక్కటే. దానికి తను నవ్వులాట జవాబు చెప్పింది. బండి కదిలాక కూడా ఆమె కిటికీలోంచి తల తిప్పలేదు. పక్కన కూర్చున్న జామపళ్ళ ఆమె, ఒంట్లో బాగోలేదా అని ఒడియాలో అడిగితే, బాగానే ఉందని చెప్పింది.

ఆఫీసులో బిశ్వజిత్ ఇంకో మాట కూడా అన్నాడు. డాక్టరమ్మ కాగితంలో ఇది మూడో గర్భమని ఉంది. రెండుసార్లు అయినామెకి మూడోసారి తెలియలేదంటే పైవాళ్ళు అడుగుతారు. అందుకని తను ఇంటికి వచ్చి ఆమె నోటితో ఒక మాట విని, రాసుకుని, సంతకం తీసుకోవాలి. ఆమె తెలియదంటే తెలియదనే రాస్తాడు. అంతకు మించి తవ్వడు.

తలుపు మూసి కోడలు డాక్టరమ్మతో మాట్లాడిందేమిటో గురువమ్మకి అప్పుడు తెలిసింది. కోపం రాలేదు. డబ్బొచ్చే దారి ఇంకా మూసుకుపోలేదు, అదే చాలనుకుంది.

అతను వస్తానన్న రోజు పొద్దున్న, జావ గ్లాసు పట్టుకుని కోడలి మంచం పక్కన కూర్చుంది.

"ఒక్క మాట అమ్మీ. అప్పటికి నాకు తెల్దు అను, సాలు."

"అప్పటికే నీకు సెప్పేను కదత్తా."

"నాకు సెప్పేవు. కాగితానికి సెప్పలేదు కదా. ఇది ఎవలి కోసం అడుగుతన్నాను? నీ కడుపులో దాని కోసమే కదా."

రామతులసి జావ తాగి, గ్లాసు చేతికిచ్చింది. పొట్ట మీద చెయ్యి వేసుకుని పైకప్పు పెంకుల్లోకి చూస్తూ పడుకుంది. "అయితే అప్పుడు ఈ గుంట నేదనాలన్నమాట" అంది. అడిగినట్టు కాదు, తనలో తను అనుకున్నట్టు. గురువమ్మ దాన్ని ఒప్పుకోలు కిందే తీసుకుంది.

బిశ్వజిత్ పదకొండింటికి వచ్చాడు. ఇంటి ముందు మోటారు సైకిలు ఆగగానే అమ్మన్నమ్మ, ఎప్పుడో తీసుకెళ్ళిన జల్లెడ చేత పట్టుకుని వచ్చేసింది. జల్లెడ ఇచ్చి వెళ్ళిపోతుందనుకుంటే గడప మీద చతికిలబడింది. ఆఫీసరు ముందు పొమ్మనడానికి గురువమ్మకి నోరు రాలేదు. పిల్లకి ఒంట్లో బాగోక ప్రయాణం మానుకున్నామని మాత్రమే వీధికి చెప్పి ఉంది. మళ్ళీ మలేరియానేమో అని అమ్మన్నమ్మే అందించింది కూడా.

అతను కుర్చీ మంచానికి కొంచెం దూరంగా లాక్కుని, మోకాళ్ళ మీద అట్ట పెట్టుకున్నాడు. పేరు, వయసు అడిగి రాసుకున్నాడు. తరువాత గొంతు తగ్గించాడు గాని, ఆ చిన్న గదిలో ఎంత తగ్గించినా గడప దాకా వినిపిస్తుంది.

"భయం లేదమ్మా. దుకాణంలో ఫారం రాసిన రోజు, గర్భం ఉందని మీకు తెలుసా, తెలీదా? అంతే."

రామతులసి మోచేతి మీద లేవబోయింది. లేవద్దని అతనన్నాడు. ఆమె పడుకునే, గడప వైపు తల తిప్పింది. ఆమె చూసింది ఆఫీసరుని కాదు, అత్తగారిని కాదు, అమ్మన్నమ్మని.

"తెలుసండి. నెల తప్పిన పన్నెండో నాడే మా అత్తకి సెప్పేను. ఇది మూడోది. మొదటిది పెల్లయిన రెండో ఏడు పోయింది, మూడో నెల్లో. రెండోది రథయాత్ర నాడు పోయింది. నాలుగో నెల దానికి. మలేరియా అన్నారు. మలేరియా కాదు."

అమ్మన్నమ్మ ఒళ్ళో జల్లెడ అలాగే ఉండిపోయింది. బిశ్వజిత్ కలం కాగితం మీద ఆనించి, రాయకుండా గురువమ్మ వైపు చూశాడు. ఇలా రాస్తే డబ్బు రాదు మావుసీ అన్నట్టుంది ఆ చూపు. మంచివాడు. ఒక క్షణం ఆగాడు. ఆ క్షణం గురువమ్మది.

రాయి బాబూ, అది సెప్పింది నిజమే అని ఉంటే సరిపోయేది. తరువాత ఎన్నోసార్లు, అన్నం వారుస్తూ, గిన్నె కడుగుతూ, ఆ నాలుగు మాటలూ నోట్లో తిప్పుకుని చూసుకుంది. పెద్ద కష్టమైన మాటలేం కావు. కానీ ఆ రోజు ఆమె కళ్ళ ముందు ఇంజెక్షన్లు, స్కానింగులు, విశాఖపట్నం రైలు తప్ప ఇంకేం కనిపించలేదు. పైగా అమ్మన్నమ్మ వింటోంది.

"మంచాన పడి దానికి మతి నిలకడ నేదు బాబూ. ఏటో అంటంది. అదంతా రాయకు."

రామతులసి మళ్ళీ పైకప్పు వైపు తిరిగింది.

"మతి బాగానే ఉన్నాది. రాయండి."

అతను రాశాడు. చదివి వినిపించాడు. ఆమె పడుకునే సంతకం పెట్టింది. అతను వెళ్ళేటప్పుడు టీ అయినా తాగమని గురువమ్మ అనలేదు. అతనూ ఆగలేదు. అమ్మన్నమ్మ లేచి, మంచం దాకా వచ్చి, రామతులసి కాళ్ళ దగ్గర దుప్పటి అంచు సర్ది వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున్న ఆమె ఇంటి నుంచి గిన్నెతో పాలు వచ్చాయి. ఏమీ చెప్పి పంపలేదు.

గురువమ్మ వారం రోజులు కోడలితో ముభావంగా ఉంది. కంచంలో వడ్డించిన కూడు కాలితో తన్నిందని కొడుకుతో అంది. సూర్యం అన్నం కలుపుతూ, "అది మూడు మోసిందమ్మా, ఒక్కదాని పేరైనా పైకి అన్నామా మనం?" అన్నాడు. అంతకు మించి మాట్లాడే మనిషి కాడు. ఆ నెల నుంచి రెండు షిఫ్టులు చేశాడు. గురువమ్మ మెడలో మిగిలిన ఒంటిపేట గొలుసు అమ్మింది. దానికి ఆమె ఎప్పుడూ బాధపడలేదు.

ఉత్తరం రెండు నెలలకి కూర్మారావు దుకాణానికి వచ్చింది. ఆయన కబురుపెట్టి, అదే బల్ల వెనక కూర్చుని, ఇంగ్లీషు చదివి తెలుగులో చెప్పాడు. ఫారం నింపేనాటికి తాను గర్భవతినని తెలుసునని రామతులసి స్వయంగా చెప్పినందువల్ల, అంతకు ముందు రెండు గర్భాలు నిలవలేదన్న సంగతీ ఫారంలో తెలపనందువల్ల, డబ్బు ఇవ్వడానికి వీలుపడదు. కళాసీలు ఆ రోజూ ఉన్నారు, టీ తాగుతూనే ఉన్నారు. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే కొంచెం తేలిగ్గా ఉండేదేమో అనిపించింది గురువమ్మకి. "నాకు సెవిలో అయినా సెప్పాల్సింది పిన్నీ" అన్నాడు కూర్మారావు. ఆమె ఉత్తరం మడిచి కొంగున కట్టుకుంది.

ఇంటికి వచ్చి కోడలికి ఇచ్చి, ఏముందో చెప్పింది. రామతులసి ఎనిమిదో తరగతి దాకా చదివింది. ఆ ఇంగ్లీషు పూర్తిగా అర్థం కాకపోయినా, వేలు పెట్టి వెతికి, రెండు అన్న అంకె ఎక్కడుందో పట్టుకుంది. దాని మీద వేలు అలాగే ఉంచి కాసేపు చూసింది. చింపెయ్యమందామనుకుంది గురువమ్మ. ఆమె మొహం చూసి ఊరుకుంది. ఆ ఉత్తరం రామతులసి పెట్టెలో, పెళ్ళి ఫొటో కింద చేరింది. ఎందుకు దాచుకుందో గురువమ్మకి చాలా ఆలస్యంగా తెలిసింది. ఆ రెండింటికీ ఫొటో లేదు, పేరు లేదు, పురుటి కాగితం లేదు. అవి ఉండేవని ముద్ర వేసి రాసిన కాగితం ఆ ఇంట్లో అదొక్కటే.

బిడ్డ ఎనిమిదో నెలలో పుట్టింది. విశాఖపట్నం వెళ్ళేదాకా ఆగలేదు, రాయగడ ఆసుపత్రిలోనే పుట్టింది. ఆడపిల్ల, గుప్పెడంత. ఇరవై రోజులు దూది చుట్టి కాపాడారు. బతికింది. పద్మప్రియ అని పేరు పెట్టారు. బారసాల నాడు అమ్మన్నమ్మ అందరికంటే ముందు వచ్చి, రామతులసి చేత తన మనవరాలికి కూడా బొట్టు పెట్టించింది. గురువమ్మ సంతోషించింది. మనవరాలు నడిచింది, మాట్లాడింది, నాన్నమ్మ కొంగు పట్టుకుని తిరిగింది. కోడలు ఏనాడూ ఎదురు చెప్పలేదు. వేళకి అన్నం పెట్టింది, జ్వరం వస్తే కాళ్ళు పట్టింది. బయటివాళ్ళు చూస్తే ఆ ఇంట్లో ఏ లోటూ కనిపించదు.

లోటు గురువమ్మకే తెలుసు. ఇదివరకు పెరట్లో అంట్లు తోముతూ రామతులసి ఎన్నో చెప్పేది, పుట్టింటి సంగతులు, వచ్చిన కలలు, మొగుడి మీద అలకలు. ఇప్పుడు అంట్లు తోముతుంది, అంతే. అడిగిన దానికి జవాబు చెబుతుంది. అడగనిది చెప్పదు.

పద్మప్రియకి మూడేళ్ళు నిండాయి. ఒక పొద్దున్న కుళాయి దగ్గర బిందె కింద పెట్టి నిలబడ్డ గురువమ్మతో, అమ్మన్నమ్మ వరసలో ముందుకి జరుగుతూ అంది.

"ఇంక నువ్వు మొయ్యాల్సిందే వదినా నీల్లు. కోడలికి మూడో నెలటగా. నిన్న ఆసుపత్రికి మా పిల్లే తోడెల్లింది."

గురువమ్మ బిందె మీద చెయ్యి అలాగే ఉంది. వరసలో ఉన్న ఆడవాళ్ళందరికీ అప్పటికే తెలుసని వాళ్ళ మొహాలు చూస్తే తెలిసింది.

"తెలుసు" అంది. "అందుకే కదా నాను వచ్చేను."

ఇంటికి వచ్చి బిందె దింపి, కోడలి చేతిలో రుబ్బు పొత్రం తీసుకుని, తను కూర్చుంది. చెబుతుందని చూసింది. మినప్పిండి ఇంకా మెత్తగా కావాలని మాత్రం చెప్పింది రామతులసి. ఆ పూటా చెప్పలేదు, ఆ వారమూ చెప్పలేదు. బల్ల మీద మందు బిళ్ళలు కనిపించేవి. గురువమ్మ వాటిని చూసీ చూడనట్టు పక్కకి జరిపి తుడిచేది. బరువులన్నీ తనే ఎత్తింది. ఒకసారి, ఒంట్లో ఎలాగుంది అమ్మీ అని అడిగింది. బాగానే ఉంది అత్తా అంది రామతులసి. ఆ గొంతులో కక్ష లేదు. ఉంటే దాన్ని పోగొట్టడానికి గురువమ్మకి ఒక దారి దొరికేది.

ఆ ఏడు కూర్మారావు రామేశ్వరం బృందం మళ్ళీ కట్టాడు. వస్తావా పిన్నీ అని అడిగించాడు. ఇంట్లో పనుందని చెప్పి పంపింది.

నాలుగో నెల గడిచి, ఐదో నెల నడుస్తోంది. ఒక సాయంత్రం గురువమ్మ గుమ్మంలో కూర్చుని మనవరాలికి తల దువ్వుతోంది. రామతులసి వచ్చి, చేటలో బియ్యం పెట్టుకుని ఎదురుగా కూర్చుంది. రెండు రాళ్ళు ఏరి పారేసి, తలెత్తింది.

"రేపు మా అమ్మోల్లు వస్తన్నారత్తా, సలిమిడి తెస్తన్నారు. నాకు ఐదో నెల."

గురువమ్మ దువ్వెన ఆపింది. నాకెప్పుడో తెలుసు అనొచ్చు. నాకెందుకు చెప్పలేదనొచ్చు. ఆ రెంటిలో ఏదీ అనే హక్కు తనకి మిగల్లేదని ఆమెకి తెలుసు. ఆ కట్టడి ఆ పిల్లకి నేర్పింది తనే. పిల్ల వీధి మొత్తానికీ దాన్ని ఎత్తేసి, తన ఒక్కదానికి మాత్రం పాటించింది.

"అలాగా అమ్మీ" అంది, అప్పుడే విన్నట్టు. "మంచి మాట సెప్పేవు."

మనవరాలి జుట్టు మళ్ళీ చేతిలోకి తీసుకుంది. పాయలు సరిగ్గా కుదరక, విప్పి, మొదటి నుంచి అల్లింది.